పిజ్జా బల్ల దగ్గర మంచీ చెడూ



ఈ పూట మన నగరాల్లోని పిజ్జా హోటళ్ల గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. స్టార్ హోటళ్ల సంగతి కాదు. ఆదివారం సాయంత్రం పిల్లలు మారాం చేస్తే చెప్పులేసుకుని బయల్దేరిపోతామే, ఆ మామూలు చోట్ల గురించి. ఐదారు బల్లలు, గోడ మీద రంగుల మెనూ బోర్డు, కౌంటర్ వెనక ఓవెన్, పేపర్ నాప్‌కిన్లు, చిల్లీ ఫ్లేక్స్ పొట్లాలు. హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ ఎటు వెళ్లినా ఇవి కనిపిస్తాయి. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరైనా, విశాఖ సిరిపురంలోనైనా అంతే.

పెద్ద పిజ్జా కంపెనీలు మన దేశంలో అడుగుపెట్టింది 1996లో. ఆ ఏడాది డొమినోస్ ఢిల్లీలో, పిజ్జా హట్ బెంగళూరులో మొదటి దుకాణాలు తెరిచాయి. ఢిల్లీ వాళ్లకు నిరూలాస్ హోటళ్ల పుణ్యమా అని అంతకు ముందే పిజ్జా రుచి తెలుసు. మనకు మాత్రం అది కొత్తే. మొదట్లో కాలేజీ పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వెళ్లేవారు. ఇప్పుడు పుట్టినరోజుకి పిజ్జా, మార్కులొస్తే పిజ్జా, ఊరి నుంచి చుట్టాలొస్తే పిజ్జా. మధ్యతరగతి కుటుంబం నెలలో ఒకసారి బయట తినడానికి దాచుకునే డబ్బు ఈ బల్లల మీద ఖర్చవుతోంది. అందుకే దీన్ని చిన్న విషయంగా తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

మెనూలో ఎన్ని రకాలున్నాయో చూసి నేను ఏ పిజ్జా హోటల్‌నీ మెచ్చుకోను. పిండి దగ్గర ఎంత ఓపిక పట్టారు, బల్ల ముందు కూర్చున్న మనిషికి ఎంత నిజం చెప్పారు, ఈ రెండే చూస్తాను. నేను తిన్న మంచి పిజ్జాలన్నిటి వెనకా ఈ రెండూ ఉన్నాయి. బాధపడి లేచి వచ్చిన చోటల్లా వీటిలో ఏదో ఒకటి లోపించింది.

ముందు పిండి సంగతి.

పిజ్జాకు పుట్టిల్లు ఇటలీలోని నేపుల్స్ నగరం. అక్కడ పిజ్జా చేసేవాళ్ల పనితనాన్ని 2017లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. 1984లో పెట్టుకున్న సంఘం ఒకటి అసలైన నేపుల్స్ పిజ్జా ఎలా ఉండాలో నియమాలు రాసి పెట్టింది. పిండిలో గోధుమ పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ తప్ప ఇంకేమీ వేయకూడదు. కర్రతో ఒత్తకూడదు, చేత్తోనే సాగదీయాలి. కట్టెల పొయ్యి 430 డిగ్రీలు దాటి మండుతూ ఉండాలి. ఆ వేడిలో పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోతుంది. అడ్డం 35 సెంటీమీటర్లు మించకూడదు. వాళ్లు ఇంత పట్టుదలగా రాసుకున్నదాంట్లో ఎక్కువ భాగం రొట్టె గురించే. పైన వేసేవి వాళ్లకు తర్వాతి మాట.

ఆ పట్టుదల ఉన్న మనుషులు మన ఊళ్లోనూ ఉన్నారు. నారాయణగూడలో ఒక సందులో చిన్న దుకాణం ఉంది. ఓనరు ముప్ఫై ఏళ్ల కుర్రాడు. దుబాయ్‌లో ఏదో హోటల్ వంటగదిలో పనిచేసి వచ్చి ఇక్కడ సొంతంగా పెట్టుకున్నాడు. కౌంటర్ పక్క బల్ల దొరికితే అతని చేతులు చూడొచ్చు. మూత డబ్బాలోంచి పిండి ముద్ద తీసి, పిండి చల్లిన గ్రానైట్ గట్టు మీద పెడతాడు. పది వేళ్ల కొనలతో నడుమ నుంచి బయటికి నొక్కుకుంటూ వస్తాడు. అంచుకు వేలెడు దూరంలో ఆగిపోతాడు. నొక్కినకొద్దీ లోపలి గాలి అంచులోకి జరిగి, అక్కడక్కడా చిన్న బుడగలు పైకి తేలతాయి. తర్వాత రెండు పిడికిళ్ల మీదికి ఎత్తుకుని తిప్పుతాడు. ముద్ద తన బరువుకు తనే సాగుతుంది.

"అప్పడాల కర్ర వాడవా బాబూ?" అని అడిగాను.

"కర్ర పెడితే లోపలి గాలంతా పోద్దండీ. నిన్న సాయంత్రం కలిపి ఫ్రిజ్‌లో పెట్టింది ఆ గాలి కోసమే కదా" అన్నాడు.

దోసె పిండి రాత్రంతా పులిస్తేనే మర్నాడు దోసెకు రుచి వచ్చినట్టు, పిజ్జా పిండికీ ఆ సమయం ఇవ్వాలి. ఈస్ట్ ఎక్కువ గుమ్మరించి గంటలో పొంగించవచ్చు. పొంగు వస్తుంది కాని రుచి రాదు, తిన్నాక కడుపు బరువెక్కుతుంది. ఆ కుర్రాడి దగ్గర కట్టెల పొయ్యి లేదు. అడుగున రాతి పలక ఉన్న గ్యాస్ ఓవెన్‌తోనే పని నడిపిస్తాడు. అయినా పిజ్జా ముక్కను పైకెత్తి అడుగు చూస్తే గోధుమ రంగు, మధ్య మధ్య నల్లటి చుక్కలు. అంచు కొరికితే పైన కరకర, లోపల మెత్తన. రాత్రి తొమ్మిది కాగానే "పిండి అయిపోయిందండీ, రేపు రండి" అని చెప్పి షట్టర్ సగం దించేస్తాడు. మా వారికి ఆకలి మీద కోపం వచ్చింది కాని, నాకు ఆ మాట విన్నాకే ఆ దుకాణం మీద నమ్మకం కుదిరింది. పిండి అయిపోయిందని చెప్పగలిగినవాడు ముందు రోజు ఎంత కలిపాడో, ఎందుకు కలిపాడో తెలిసినవాడు.

ఇక చెడ్డ అనుభవం. పేరున్న మాల్‌లో, పేరున్న హోటల్. శనివారం రద్దీ. మా అబ్బాయి పనీర్, క్యాప్సికం, ఉల్లిపాయ, మొక్కజొన్న, పుట్టగొడుగులు అన్నీ ఉన్న పిజ్జా ఎంచుకున్నాడు. దానికి తోడు ఎగస్ట్రా చీజ్. వచ్చింది చూడముచ్చటగానే ఉంది. ముక్క తీయబోతే కొన కిందికి వేలాడి, పైనున్నదంతా ప్లేట్లోకి జారింది. చీజ్ కింద రొట్టె తెల్లగా, తడిగా, పచ్చి పిండి వాసనతో ఉంది.

ఇలా ఎందుకవుతుందో కాస్త వివరంగా చెబుతాను, ఆర్డర్ ఇచ్చేటప్పుడు మీకు పనికొస్తుంది. చాలా హోటళ్లలో ఓవెన్ లోపల ఇనుప బెల్టు కదులుతూ ఉంటుంది. ఒక వైపు పచ్చి పిజ్జా పెడితే ఇన్ని నిమిషాలకు రెండో వైపు కాలిన పిజ్జా బయటికి వస్తుంది. బెల్టు వేగం ముందే పెట్టేసి ఉంటుంది. పైన రెండు రకాలు వేసినా ఎనిమిది రకాలు వేసినా లోపల గడిపే సమయం ఒకటే. క్యాప్సికం, టమాటా, పుట్టగొడుగులు వేడికి నీళ్లు వదులుతాయి. ఎన్ని రకాలు పెరిగితే అంత నీరు, అంత బరువు. ఓవెన్ వేడి రొట్టెను కాల్చడం మాని ఆ నీళ్లను ఆవిరి చేయడంతోనే సరిపోతుంది. కాబట్టి అలాంటి చోట ఎగస్ట్రా కోసం డబ్బు కట్టి పచ్చి రొట్టె కొనుక్కుంటున్నాం. రెండు రకాలతో ఆపండి. కొత్త హోటల్‌కి వెళితే మొదటిసారి మార్గరీటా చెప్పండి. టమాటా, చీజ్, తులసిని పోలిన బేసిల్ ఆకు, అంతే. వాటి కింద ఏ తప్పూ దాగదు. రొట్టె బాగుంటే బాగుందని మొదటి ముద్దకే తెలుస్తుంది.

ఆ మాల్ హోటల్‌లో పచ్చి రొట్టె నాకంత కష్టం కలిగించలేదు. వంటన్నాక ఒకసారి తప్పడం ఉంటుంది. మేనేజర్ వచ్చి, ప్లేటు వైపు సరిగా చూడకుండానే, "మా దగ్గర అందరికీ ఇంతే వస్తుంది మేడమ్" అన్నాడు. కష్టం కలిగించింది ఆ మాట. ముక్క తిరగేసి చూపించినా కళ్లు అటు తిప్పలేదు.

చీజ్ గురించి ఒక మాట. నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతంలో గేదెపాలతో చేసే మొజరెల్లాకు లోకమంతా పేరుంది. మనమూ గేదెపాలు తాగి పెరిగినవాళ్లమే. గేదెపాలలో వెన్న ఎక్కువ, రంగు తెలుపు. మంచి మొజరెల్లాకు కావలసిన పాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. అలాంటి చోట పిజ్జా మీద పామాయిల్, పిండిపదార్థం కలిపి చేసిన నకిలీ సరుకు కరిగించి పోయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. వ్యాపారంలో దాన్ని అనలాగ్ అంటారు. ధర తక్కువ. చూపుకు చీజ్‌లాగే ఉంటుంది. తినడానికి హానికరం అని నేను అనడం లేదు. పాలతో చేయనిదాన్ని చీజ్ అని చెప్పి అమ్మకూడదు, ఆహార భద్రతా సంస్థ నియమాలు ఆ మాటే చెబుతున్నాయి. తక్కువ ధరకు ఇవ్వాలనుకునే చిన్న దుకాణదారు బోర్డు మీద ఆ సంగతి రాయొచ్చు. కావలసినవాళ్లు కొనుక్కుంటారు. అమీర్‌పేటలో ఒక కౌంటర్ దగ్గర నేను అడిగాను, "ఇది పాల చీజేనా బాబూ?" అని. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి లోపలికి వెళ్లి ప్యాకెట్ తెచ్చి నా చేతికిచ్చాడు. చదువుకోమన్నాడు. పాలతో చేసిందే. ఆ రోజు నుంచి అటు వెళితే అక్కడే తింటాను.

సైజుల లెక్క మా అమ్మాయి నేర్పింది. ఎనిమిదో తరగతిలో వృత్తాల పాఠం చదువుతూ మెనూ కార్డు వెనక పెన్సిల్‌తో గుణించింది. చిన్న పిజ్జా చాలా చోట్ల 7 అంగుళాలు, మధ్యది 10 అంగుళాలు. ఏడంగుళాల పిజ్జా వైశాల్యం ముప్ఫై ఎనిమిదిన్నర చదరపు అంగుళాలు. పదంగుళాలది డెబ్బై ఎనిమిదిన్నర. అంటే రెండు చిన్నవి కలిపినా ఒక మధ్య సైజు పిజ్జాకు సరిపోవు, కాస్త తక్కువే. పది నుంచి పన్నెండుకు వెళితే పెరిగేది రెండంగుళాలే అనిపిస్తుంది. తిండి మాత్రం దాదాపు సగం మేర పెరుగుతుంది. ధరల పట్టీ ముందు పెట్టుకుని ఈ లెక్క ఒకసారి చూసుకుంటే, రెండు కొంటే తగ్గింపు అనే ఆఫర్లలో ఏది నిజంగా తగ్గింపో ఎవరికి వాళ్లకే తెలిసిపోతుంది.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడదలచిన సంగతికి వస్తున్నాను.

మా అత్తయ్యగారు కార్తీకమాసం నెల్లాళ్లూ మాంసం ముట్టరు. ఉల్లి, వెల్లుల్లి కూడా వదిలేస్తారు. మిగతా పదకొండు నెలలూ అన్నీ తింటారు. ఆవిడకు పిజ్జా ఇష్టం. మనవళ్లతో కలిసి కూర్చుని తినడం ఇంకా ఇష్టం. ఒక కార్తీకంలో పిల్లల పరీక్షలు అయ్యాయని అందరం కలిసి వెళ్లాం. పిల్లలకు చికెన్ పిజ్జా, అత్తయ్యగారికి ఉల్లి, వెల్లుల్లి లేని పనీర్ పిజ్జా చెప్పాం. ఆర్డర్ రాసుకున్న అమ్మాయి "ఓకే మేడమ్, నో ఆనియన్, నో గార్లిక్" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

నేను వంటగది కిటికీకి ఎదురుగా కూర్చున్నాను. ఓవెన్‌లోంచి రెండు పిజ్జాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అక్కడున్న అబ్బాయి చికెన్ పిజ్జాను చక్రం కట్టర్‌తో ఎనిమిది ముక్కలు చేశాడు. చక్రానికి అంటుకున్న చికెన్ పీచు నాకు కనిపిస్తూనే ఉంది. దాన్ని తుడవకుండానే పక్కనున్న పనీర్ పిజ్జా మీద అదే చక్రం నడిపాడు. నేను లేచి వెళ్లేలోపు అది బల్ల మీదికి వచ్చేసింది. అత్తయ్యగారు చేయి చాపారు.

"అత్తయ్యా, ఆగండి" అన్నాను.

విషయం చెప్పాక ఆవిడ ఏమీ అనలేదు. చేయి వెనక్కి తీసుకుని, "పిల్లల్ని తిననీ అమ్మా, నేను ఇంటికెళ్లి పాలు తాగుతాలే" అన్నారు. హోటల్ వాళ్లను పిలిచి చెప్పాను. ఇంకో పిజ్జా ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. అప్పుడు నేను సాస్ గురించి అడిగాను. అందులో వెల్లుల్లి ఉంటుందా అని. ఆర్డర్ రాసుకున్న అమ్మాయి లోపల కనుక్కుని వచ్చి, సాస్ డబ్బాల్లో తయారై వస్తుందని, అందులో ఉల్లీ వెల్లుల్లీ రెండూ ఉంటాయని చెప్పింది. అంటే మొదటి పిజ్జాలోనూ ఉన్నాయి, రెండో దానిలోనూ ఉన్నాయి. అడగబట్టి తెలిసింది. ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను. ఆమెకు ఎవరూ నేర్పలేదు. పైన చల్లే ఉల్లి ముక్కలు మానేస్తే చాలనుకుంది. నేర్పాల్సినవాళ్లు నేర్పలేదు.

మరుసటి కార్తీకంలో సికింద్రాబాద్‌లో ఒక చిన్న చోటికి వెళ్లాం. జైనులు, గుజరాతీ వాళ్లు ఎక్కువగా ఉండే వీధి. అక్కడ ఇదే ఆర్డర్ చెబితే, నడివయసు వెయిటర్ రాసుకోకుండా ఆగాడు. "అమ్మా, మా మామూలు సాస్‌లో వెల్లుల్లి ముందే కలిసి ఉంటది. మీకది వద్దు. పచ్చి టమాటా మెత్తగా చేసి, ఉప్పు, మిరియాలు వేసి చేయిస్తాను. పది నిమిషాలు ఎక్కువ పడతది, పర్వాలేదా?" అన్నాడు. పర్వాలేదన్నాం. పిజ్జా తెచ్చి అత్తయ్యగారి ముందే కోశాడు. ఆకుపచ్చ పిడి ఉన్న కట్టర్. "ఇది శాకాహారానికే అమ్మా" అన్నాడు. అత్తయ్యగారు ఆ రోజు నాలుగు ముక్కలు తిన్నారు. వచ్చేటప్పుడు అతని భుజం తట్టి, "చల్లగా ఉండు నాయనా" అన్నారు.

మొదటి చోట ఏసీ బాగుంది, కుర్చీలు మెత్తన, పిజ్జా ధర కూడా ఎక్కువ. రెండో చోట ఫ్యాన్ గాలి, స్టీలు గ్లాసులు. నేను చెప్పే నిజం అంటే ఆ వెయిటర్ చెప్పినటువంటిది. ఎదుటి మనిషి నమ్మకం ఏమిటో కనుక్కుని, తన వంటగదిలో ఏముందో దాచకుండా చెప్పడం.

ఇక బిల్లు సంగతి త్వరగా చెబుతాను. ఇలాంటి రెస్టారెంట్లలో మామూలుగా పడే జీఎస్టీ 5 శాతం. అది ప్రభుత్వ పన్ను, కట్టాలి. దాని పక్కనే సర్వీస్ ఛార్జి అని ఇంకో గీత కనిపిస్తే అది పన్ను కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. మనల్ని అడగకుండా సర్వీస్ ఛార్జిని బిల్లులో కలపకూడదని, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదని వాటిలో ఉంది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. మాదాపూర్‌లో ఒకచోట మా బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జి వేశారు. మా వారు మర్యాదగానే తీసేయమన్నారు. క్యాషియర్ "సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్" అన్నాడు. మా వారు 1915 అని చెప్పి ఫోన్ తీశారు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు. సిస్టమ్‌లోంచి ఆ గీత వెంటనే పోయింది. వడ్డించిన అబ్బాయికి ఇవ్వాలనుకున్నది నేరుగా అతని చేతిలో పెట్టాం. అతని పనికి మా కృతజ్ఞత అది.

మయొనీస్ గురించి కూడా చెప్పాలి. మన చిన్న పిజ్జా సెంటర్లలో పిజ్జా మీద తెల్లటి గీతలు గీసి ఇవ్వడం ఫ్యాషన్ అయింది. 2024 అక్టోబర్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసిన మయొనీస్‌ను ఏడాది పాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిన్నవాళ్లు చాలామంది జబ్బుపడి, ఒకరు చనిపోయిన రోజులవి. పచ్చి గుడ్డు మయొనీస్ మన ఎండల్లో బయట పెట్టి ఉంచితే బ్యాక్టీరియా పెరుగుతుంది. పిల్లలకు పెట్టేటప్పుడు అది గుడ్డు లేనిదా, ఫ్రిజ్‌లోంచి తీసిందా అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

ఇంటికి తెప్పించుకునే పిజ్జా గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. అట్టపెట్టెలో ఆవిరి పట్టి అంచు మెత్తబడిపోతుంది. ముప్ఫై నిమిషాల్లో చేరుస్తాం అనే హామీని అమెరికాలో డొమినోస్ 1993లోనే మానుకుంది. డెలివరీ డ్రైవర్లు తొందరలో చేసిన ప్రమాదాలు, వాటి మీద పడిన కోర్టు కేసులే అందుకు కారణం. మన పంజాగుట్ట ట్రాఫిక్‌లో వానలో బండి మీద వచ్చే పిల్లవాడిని ఐదు నిమిషాలు ఆలస్యమైందని తిట్టేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

నాకు బాగా గుర్తుండిపోయింది దిల్‌సుఖ్‌నగర్‌లో చూసింది. కోచింగ్ సెంటర్ల వీధి. మా పక్క బల్ల మీద ఇరవై ఏళ్ల కుర్రాడు, వాళ్ల నాన్న. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, కాళ్లకు ఊరి దుమ్ము. నల్లగొండ వైపు మాట. ఆ పిల్లవాడికి ఏదో ఉద్యోగం వచ్చినట్టుంది, మొదటి జీతమో ఏమో, తండ్రిని తీసుకొచ్చాడు. బల్ల మీద ఫోర్కు, కత్తి పెట్టారు. పెద్దాయన వాటిని చూసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"బిడ్డా, గిది ఎట్ల తినాలె?" అని మెల్లగా అడిగాడు.

కొడుకు సమాధానం చెప్పేలోపే, ప్లేట్లు సర్దుతున్న వెయిటర్ కుర్రాడు ఆ ఫోర్కు, కత్తి తీసేశాడు. "చేత్తోనే తినాలె కాకా. గిట్ల మడిచి కొరకాలె. ఇటు రా, చేతులు కడుక్కుందువు గని" అని ఆయన్ని వాష్ బేసిన్ దాకా తీసుకెళ్లాడు. పెద్దాయన వచ్చి కూర్చుని, ముక్కను మడిచి, కొరికి, చాలాసేపు నమిలాడు. "రొట్టె మంచిగుంది. పైన ఉన్నది జర జిగట" అన్నాడు. కొడుకు నవ్వాడు. వెయిటర్ నవ్వాడు. నేపుల్స్ వీధుల్లో పిజ్జాను నాలుగు మడతలు పెట్టి నిలబడే చేత్తో తింటారు. ఆ వెయిటర్ కుర్రాడికి అది తెలిసి ఉండకపోవచ్చు. కత్తులూ ఫోర్కులూ చూసి ఒక పెద్దమనిషి చిన్నబోకూడదని మాత్రం తెలుసు. అక్కడ పిజ్జా మామూలుగానే ఉంది, రొట్టె కాస్త గట్టిపడింది కూడా. అయినా మంచి పిజ్జా హోటల్ చెప్పమని ఎవరైనా అడిగితే నేను దాని పేరూ చెబుతాను.

పిల్లల కోసం ఇంకో చిన్న మాట. పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు మెనూలో ప్రతి వంటకం పక్కనా కేలరీలు చూపించాలని నియమం ఉంది. చూడండి, పిల్లలకూ చూపించండి. చీజ్ నింపిన అంచు ఉన్న పిజ్జాకూ, మామూలు దానికీ తేడా అక్కడే కనిపిస్తుంది. వాళ్లను వద్దని తిట్టనక్కర్లేదు. అంకె చూశాక మా అమ్మాయి తనంతట తనే మామూలు అంచు చెబుతోంది.

పిజ్జా హోటళ్లు నడుపుతున్న వారిలో ఈ ప్రసంగం వింటున్నవాళ్లు కొందరైనా ఉంటారు. మీలో చాలామంది అప్పులు చేసి, కుటుంబమంతా కష్టపడి ఇవి నడుపుతున్నారని నాకు తెలుసు. మీకు నాదొక విన్నపం. శాకాహార పిజ్జాలు కోయడానికి వేరే కట్టర్ పెట్టండి. పిడికి ఆకుపచ్చ టేపు చుట్టండి. దానికయ్యే ఖర్చు ఒక చిన్న పిజ్జా ధర కూడా ఉండదు. మీ సాస్‌లో ఏముందో, మీ చీజ్ దేనితో చేసిందో ఒక కాగితం మీద తెలుగులో రాసి కౌంటర్ దగ్గర అంటించండి. ఆర్డర్ రాసుకునే పిల్లలకు ఆ కాగితం చదివి వినిపించండి. కార్తీకం వచ్చేలోపు ఈ పని చేయండి.